అర అడుగు మట్టి

సోమవారం సాయంత్రం బావమరిది వచ్చీ రాగానే కూర్చోలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టాడు.

"చదువు బావా. మీ ఆఫీసు కాగితమే. కాస్త గట్టిగా చదివితే అక్క కూడా వింటుంది."

అతను చదవలేదు. అందులో ఏముందో శనివారమే తెలుసు. మట్టి పరీక్షల లాబ్‌లో ముప్పై ఎనిమిది చేల కాగితాలు అచ్చయి వస్తుంటే పక్కనే నిలబడి, బావమరిది చేను ఎక్కడుందా అని ముందు దాన్నే వెతికాడు. ఆరేళ్ళ కిందట ఆ నేలలో కర్బనం నూటికి ఒకటి పాయింట్ ఒకటి. ఇప్పుడు సున్నా పాయింట్ ఎనిమిది. ఆ రెండంకెలూ ఆదివారమంతా అతని వెంటే తిరిగాయి. ఇంట్లో తిరిగాయి, వీధిలో తిరిగాయి, చివరికి అతను క్షవరం చేయించుకుంటుంటే అద్దంలో కూడా కూర్చున్నాయి.

"పెరుగుతుందన్నావు," అన్నాడు బావమరిది. "దున్నకుండా ఆరేళ్ళు ఓపిక పట్టరా, నీ నేల బొగ్గు దాచుకున్నట్టు కర్బనం దాచుకుంటుంది అన్నావు. ఓపిక పట్టాను. మొక్కజొన్న మోళ్ళు పీకలేదు, ఆకు తగలబెట్టలేదు. పచ్చిరొట్ట చల్లాను. ఎదురు చేనాయన రోజూ గట్టు మీద నిలబడి, ఏమయ్యా నీ చేనుకి దుప్పటి కప్పావా, జ్వరమా అని అడిగేవాడు. నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చూడు. ఉన్నది కూడా పోయింది."

గదిలో ఓ మూల కుట్టు మిషను ఆగింది. అతని భార్య తొక్కుడు చెక్క మీద నుంచి పాదాలు తియ్యకుండానే తలెత్తింది.

"కూర్చుని మాట్లాడరా తమ్ముడూ. నిలబడి మాట్లాడితే గొడవలా ఉంటుంది."

"గొడవే అక్కా. గురువారం పొద్దున ట్రాక్టర్ వస్తోంది. లోతు దుక్కి వేయిస్తున్నాను. అది చెప్పడానికే వచ్చాను. తర్వాత ఎవరి నోటో వింటే బావ బాధపడతాడని."

"గురువారమా?" అన్నాడు అతను. బావమరిది వచ్చాక అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"గురువారమే. ఏం, శుక్రవారమైతే కర్బనం పెరుగుతుందా?"

ఊళ్ళో అతన్ని అందరూ అడుగు మేస్త్రి అంటారు. లాబ్ తరఫున చేలకు వెళ్ళి మట్టి తీసుకురావడం అతని పని. చేతిలో ఇనుప గొట్టం, దాని మీద సరిగ్గా అడుగు దగ్గర చుట్టూ ఎర్ర రంగు గీత. గీత భూమిలోకి దిగేదాకా గొట్టం తియ్యడు. వానలో, ఎండలో, పాము పుట్ట పక్కన, ఎక్కడైనా అంతే. ఒకసారి ఒక రైతు, "చాల్లే మేస్త్రీ, రెండంగుళాలేగా తక్కువ," అంటే గొట్టం పైకి లాగి, జాగా మార్చి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రైతు ఊరంతా చెప్పుకుని నవ్వాడు. పేరు అక్కడి నుంచి పాకింది.

వాళ్ళ నాన్న బావులు తవ్వేవాడు. ఇతను చిన్నప్పుడు బావి అంచున బోర్లా పడుకుని, లోపల పొరలు పొరలుగా రంగు మారే మట్టిని చూసేవాడు. ఇరవై రెండో ఏట లాబ్‌లో సంచులు మోసే పనికి చేరి, ముప్పై నాలుగేళ్ళలో మట్టి తెచ్చే పనికి పెద్దదిక్కయ్యాడు. ఒక చోట కాలు నిలవని మనిషి. సినిమాకు వెళ్తే వెనక నిలబడి చూస్తాడు. పెళ్ళినాడు ఫొటో తీసేవేళకు ఇతన్ని రెండుసార్లు వెతకాల్సి వచ్చిందని భార్య ఇప్పటికీ చెప్తుంది. ఏడాదికి రెండు జతల బూట్లు అరుగుతాయి. అయినా చేలో గొట్టం పట్టుకున్నప్పుడు మాత్రం అతని కాళ్ళు కుదురుగా ఉంటాయి.

భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. లాబ్‌కి కావలసిన మట్టి సంచులు కూడా ఆవిడే కుడుతుంది. ముతక గుడ్డ, మెడకు తాడు, పక్కన కాగితం చీటీ దూర్చడానికి చిన్న జేబు. ఆ జేబులో దూర్చే చీటీలు లాబ్‌లో అచ్చవుతాయి. రైతు, చేను, తేదీ, లోతు. మొదటి మూడూ ఖాళీగా ఉంటాయి. లోతు దగ్గర మాత్రం "ఒక అడుగు" అని అచ్చులోనే ఉంటుంది.

అక్కడే ఉంది అతని బాధంతా.

ఆరేళ్ళ కిందటి దాకా లాబ్ పని వేరు. ఏ పంటకు ఎంత ఎరువు వెయ్యాలో చెప్పడం. దానికి అర అడుగు లోతు మట్టి చాలు. ఇరవై ఎనిమిదేళ్ళు అతను అర అడుగే తీశాడు. ఆ ఏడు కొత్త పరిశీలన వచ్చింది. దున్నడం మానేస్తే నేల ఎంత కర్బనాన్ని పట్టి ఉంచుకుంటుందో ఆరేళ్ళు చూద్దామని ముప్పై ఎనిమిది చేలు ఎంచుకున్నారు. లోతు అడుగుకు పెంచి, చీటీల మీద అచ్చు కొట్టించారు. పన్నెండు రోజుల్లో మట్టి రావాలన్నారు.

ఆ ఏడు వాన లేదు. నేల పెంకులా ఉంది. మొదటి చేలోనే గొట్టం అర అడుగు దిగి ఆగిపోయింది. సుత్తితో కొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంకా కొట్టాడు. గొట్టం వంగింది. లాబ్‌లో ఇంకొక్కటే ఉంది, అదీ పోతే పని ఆగిపోతుంది. రెండో గొట్టాన్ని అర అడుగు దాకానే దించి మట్టి తీశాడు. సంచిలో పోశాడు. చీటీ మీద రైతు పేరు రాశాడు, చేను రాశాడు, తేదీ రాశాడు. లోతు దగ్గర అచ్చయి ఉన్నదాన్ని కొట్టెయ్యలేదు. పైపొరే కదా ముఖ్యం అనుకున్నాడు. అబద్ధం రాశానని అనిపించలేదు, ఎందుకంటే అక్కడ అతను ఏమీ రాయలేదు. పన్నెండో రోజుకు ముప్పై ఎనిమిది సంచులూ లాబ్‌కి చేరాయి. అన్నిట్లో ఉన్నది అర అడుగు మట్టే. అన్నిటి మీదా ఒక అడుగే.

ఆ మరుసటి ఏడాది గొట్టానికి ఎర్ర గీత వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఎవరూ అడగలేదు.

ఈ ఏడు వానలు పడ్డాయి. ముప్పై ఎనిమిది చేలలోనూ గీత మునిగేదాకా గొట్టం దించి మట్టి తెచ్చాడు. ఏ నేలలోనైనా కర్బనం ఎక్కువగా ఉండేది పైపొరలోనే. కుళ్ళిన వేళ్ళూ, ఆకులూ, పురుగూ పుట్రా అన్నీ అక్కడే చేరతాయి. కిందికి పోయే కొద్దీ పలచబడుతుంది. అప్పుడు పైపొర ఒక్కటే తూచారు, ఇప్పుడు పైదీ కిందదీ కలిపి తూచారు. మీగడ ఒక్కటే చూసిన కళ్ళతో గిన్నె మొత్తం కలిపి చూసినట్టు. తగ్గక ఏమవుతుంది?

"ఏమండీ," అంది భార్య, తమ్ముడు వెళ్ళిపోయాక. "ఇందాకటి నుంచి బల్ల చుట్టూ తిరుగుతున్నారు. కాలు గాలిన పిల్లిలా ఏమిటది?"

"ఏం లేదు."

"ఏం లేనివాళ్ళు కూర్చుంటారు."

అతను కూర్చున్నాడు. మోకాలు ఆడుతూనే ఉంది. ఆవిడ దాని మీద చెయ్యి పెట్టింది. కాసేపు ఆగింది. చెయ్యి తియ్యగానే మళ్ళీ మొదలైంది.

మంగళవారం పొద్దున్నే, ఎవరూ రాకముందే లాబ్‌కి వెళ్ళాడు. వెనక గదిలో గోడ పొడుగునా అరలు, అరల నిండా సీసాలు. తెచ్చిన ప్రతి మట్టిలోనూ ఒక గుప్పెడు ఆరబెట్టి, జల్లించి, సీసాలో పోసి దాచడం లాబ్ పద్ధతి. బావమరిది చేను సీసాలు రెండూ తీసి కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టాడు. పాతది చిక్కటి గోధుమ రంగు. కొత్తది ఒక వన్నె తక్కువ. అది చూపు చెప్పే మాట, రుజువు కాదు. ఆ చేలో అర అడుగు కింద సున్నం మొదలవుతుందని అతనికి తెలుసు. కాగితం మీద రెండు చిటికెల మట్టి విడివిడిగా పోసి, చుక్కల సీసాతో, సున్నం తగిలితే పొంగే ఆసిడ్ పోశాడు. కొత్త మట్టి బుసబుసా పొంగింది. పాత మట్టి ఆ చుక్కను పీల్చుకుని ఊరుకుంది.

మళ్ళీ పోశాడు. మళ్ళీ ఊరుకుంది.

"ఇంత పొద్దున్నే ఏమిటి మేస్త్రిగారూ?"

లాబ్ పెద్ద మేడం. వచ్చి నాలుగేళ్ళయింది. అతనికంటే ఇరవయ్యేళ్ళు చిన్నది. అయినా ఎవరైనా కొత్తవాళ్ళు పనికి వస్తే ఆవిడ చెప్పే మొదటి మాట, వెళ్ళి మేస్త్రిగారు తవ్విన గుంట చూసి రండి అని.

అతను కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆసిడ్ తడి వేళ్ళకు చురుక్కుమంది.

"సీసాలు సర్దుతున్నాను మేడం."

"మంచి పని. నాకూ రెండు రోజులుగా నిద్ర లేదు. ముప్పై ఎనిమిదిలో ఒక్కటి కూడా పెరగలేదు చూశారా? ఏదో ఒకటైనా పెరగాలి కదా. తూకాలు రెండుసార్లు చేయించాను. అంకెలు తిరగేసి చూశాను. మట్టి తెచ్చింది మీరు కాబట్టి అక్కడ తేడా ఉండదు. ఇక ఒక్కటే మిగిలింది. మన నేలల్లో దున్నడం మానేసినా కర్బనం నిలవదు అని రాసెయ్యాలి. సోమవారం పై ఆఫీసుకి పంపాలి."

"నిలవదనా?"

"అంకెలు అదే చెప్తున్నాయిగా."

ఆవిడ వెళ్ళిపోయింది. గుప్పిట తెరిస్తే కాగితానికి చిల్లి పడి ఉంది. ఆ రోజు అతను వెనక గదికీ ఆవిడ గది గుమ్మానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగాడో, నేల తుడిచే ఆవిడ చివరికి చీపురు ఎత్తిపెట్టి అంది. "మీరు ఒక పక్కకి వెళ్ళండి బాబూ, లేకపోతే ఈ చీపురు మీరే పట్టుకోండి."

ఇంటికొచ్చేసరికి భార్య సంచులు కుడుతోంది. ఇరవై కట్టలు మూలన పేర్చి ఉన్నాయి.

"ఆ ఏడు మీ చేతులకి బొబ్బలొచ్చాయి గుర్తుందా?" అంది, తలెత్తకుండా.

అతను చెప్పులు విప్పుతూ ఆగాడు.

"వారం రోజులు గుడ్డ కట్టాను. గొట్టం వంగిపోయిందన్నారు. తర్వాత అడిగాను, మరి మిగతా చేలల్లో ఎలా దిగిందండీ అని. మీరు లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. ఆరేళ్ళుగా నేను మళ్ళీ అడగలేదు."

"నీకు తెలుసా?"

"నేను సంచులు కుట్టేదాన్ని. ఏ సంచి ఎంత నిండితే ఎలా ఉంటుందో తెలియదా? ఆ ఏడు మీరు బండి మీద తెచ్చిన సంచులన్నీ సగమే నిండి వచ్చాయి. పెద్దవి కుట్టానేమో, గుడ్డ దండగైందనుకున్నాను మొదట."

అతను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. కుట్టిన సంచి ఒకటి తీసి, దాని జేబులో వేలు దూర్చి అడిగాడు.

"వాడికి ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పండి. వాడు తిడతాడు. తిట్టనివ్వండి. బావమరిది తిట్టకపోతే ఎవరు తిడతారు?"

బుధవారం సెలవు పెట్టి చేనుకు వెళ్ళాడు. ఉన్నది చెప్దామనే వెళ్ళాడు. కానీ చేను చూశాక, చెప్పకుండానే పని జరుగుతుందేమోనన్న ఆశ పుట్టింది. మోళ్ళ మధ్య ఎండిన ఆకు దళసరిగా పరుచుకుని ఉంది. కాలితో పక్కకు తోస్తే కింద నేల చెమ్మగా, నల్లగా, వానపాముల మట్టి గుళికలతో ఉంది. ఎర్ర గీత గొట్టాన్ని రెండు చేతుల్తో పట్టి ఒత్తాడు. సుత్తి అవసరం లేకుండా గీత దాకా దిగింది.

"చూడు," అన్నాడు. "ఆ ఏడు గొట్టం వంగింది. ఇప్పుడు చూడు."

బావమరిది గట్టు మీద కూర్చుని మొక్కజొన్న దంటు ఒకటి విరుస్తున్నాడు.

"ఆ ఏడు వాన లేదు. ఈ ఏడు పడింది."

"వాన ఒక్కటే కాదురా. ఎదురు చేలో దించి చూపించమంటావా? అక్కడా అదే వాన పడింది."

"అవసరం లేదు. నా నేల మెత్తబడిందని నాకు తెలుసు. నడిస్తే చెప్పు దిగబడుతోంది. మెత్తదనం గురించి కాగితంలో ఏమైనా రాశారా?"

అతను గుంట తవ్వాడు. అడుగు లోతు, పక్క గోడ నిట్టనిలువుగా. అర అడుగు దాకా నల్లటి పొర, కింద పసుపుపచ్చటి మట్టి, అందులో పంటి ముక్కల్లాంటి తెల్లటి సున్నపు గుళ్ళు. నల్లటి పొరలోంచి వేళ్ళు కింది పసుపులోకి దారాల్లా దిగాయి. ఆ వేళ్ళు చూపించి, గాలిలోని కర్బనాన్ని ఆకు లాక్కుని వేరుకి ఇస్తుందనీ, వేరు మట్టికి ఇచ్చిపోతుందనీ, చిన్న చిన్న మట్టి గుళికల మధ్య అది ఇరుక్కుని ఏళ్ళ తరబడి ఉంటుందనీ చెప్పాడు. నాగలి దిగితే గుళికలు చితికి, లోపలికి గాలి తగిలి, ఇన్నాళ్ళూ ఆకలితో ఉన్న సూక్ష్మజీవులు విందు చేసుకుంటాయనీ, అవి తిన్నదంతా గాలిగా పైకి పోతుందనీ చెప్పాడు. ఆరేళ్ళది ఒక్క దుక్కిలో సగం పోతుందన్నాడు. ఆ సగం మాట లెక్క చూసి అన్నది కాదు, భయంలో అన్నది.

"ఇదంతా ఆరేళ్ళ కిందట ఇక్కడే కూర్చుని చెప్పావు," అన్నాడు బావమరిది. "నమ్మాను. ఇప్పుడు ఒక్కటి చెప్పు. కింద పసుపు, పైన నలుపు, వేళ్ళు, అంతా బావుంది. మరి అంకె ఎందుకు తగ్గింది?"

అతను గుంటలోకి చూశాడు.

"అంకె ఎందుకు తగ్గింది బావా? మట్టి తెచ్చేవాడివి నువ్వే. నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురు చేనాయన గట్టు మీదికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏం మేస్త్రీ, నిధి దొరికిందా?" అన్నాడు. అతను గుంట పూడ్చి, పైన ఆకు సర్ది, బండి ఎక్కాడు. దారిలో మూడుసార్లు ఆపి వెనక్కి తిరుగుదామనుకున్నాడు. మూడుసార్లూ ముందుకే వెళ్ళాడు.

గురువారం తెల్లవారీ తెల్లవారకముందే లేచి బయల్దేరాడు. భార్య గుమ్మంలో రెండు సంచులు చేతికిచ్చింది.

"ఎందుకివి?"

"ఎందుకో మీకే తెలియాలి. చీటీ పెట్టలేదు. మీరే రాసుకోండి."

అతను చేరేసరికి ట్రాక్టర్ చేలో ఉంది. ఏడింటికి రమ్మంటే డ్రైవరు ఆరింటికే వచ్చాడు. మరో చేను కూడా ఒప్పుకున్నాడట. అప్పటికి గట్టు పక్కనే రెండు చాళ్ళు పడ్డాయి. చేను మొదలు నుంచి చివరి దాకా రెండు నల్లటి చారలు. విరిగిన మోళ్ళు అడుగున పడి, పసుపు మట్టి గడ్డలు పైకి తేలాయి. తడి మట్టి వాసన గట్టు దాకా వస్తోంది. ట్రాక్టర్ మూడో చాలుకు మలుపు తిరుగుతోంది.

అతను బండి స్టాండు కూడా వెయ్యలేదు. అది పక్కకి ఒరిగి పడింది. మోళ్ళలో పరుగెత్తి ట్రాక్టర్ ముందు నిలబడ్డాడు.

డ్రైవరు బ్రేకు తొక్కాడు. "పెద్దాయనా, చావాలంటే వేరే చేను చూసుకో. నాకు ఇంకో చేను ఉంది."

బావమరిది గట్టు మీద నుంచి వచ్చాడు. "ఏంటి బావా ఇది?"

"నేను అర అడుగే తీశాను."

"ఏమిటి?"

"ఆరేళ్ళ కిందట. గొట్టం దిగలేదు. అర అడుగు తీసి, అడుగు చీటీ పెట్టాను. ఈసారి అడుగు తీశాను. అందుకే అంకె తగ్గింది. నీ నేల తగ్గలేదు."

ఇంజను గుడగుడలాడుతోంది. బావమరిది అతని మొహంలోకి చూశాడు. తర్వాత నెమ్మదిగా నవ్వాడు. ఆ నవ్వు అతను ఊహించనిది. తిట్లకు సిద్ధపడి వచ్చాడు, నవ్వుకు కాదు.

"బావా, నువ్వు అడుగు మేస్త్రివి. రెండంగుళాలు తగ్గితే గుంట మార్చేవాడివి. నువ్వు అర అడుగు తీశావంటే ఎవడు నమ్ముతాడు? చేను దున్నకుండా ఆపడానికి నీ మీద నువ్వే నింద వేసుకుంటున్నావు. అక్క నేర్పిందా?"

"నిజంరా."

"నిజమైతే నిన్న గుంట తవ్వి గంటసేపు ఉపన్యాసం ఎందుకిచ్చావు? ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్పలేకపోయాను."

"సరే. మీ మేడంకి చెప్పు. ఫోన్లో. ఇప్పుడే, ఇక్కడే, నేను వింటుండగా. నా దగ్గరైతే వంద అబద్ధాలాడతావు, ఆవిడ దగ్గర నువ్వు అబద్ధమాడవు."

అతను ఫోను తీశాడు. చేతి వేళ్ళకు మట్టి లేదు, అయినా ప్యాంటుకు తుడుచుకున్నాడు. డ్రైవరు తనంతట తనే ఇంజను ఆపేశాడు. స్పీకర్‌లో మేడం గొంతు ఇంకా నిద్రలో ఉంది.

"చెప్పండి మేస్త్రిగారూ."

"మేడం, ఆరేళ్ళ కిందటి మట్టి నేను అడుగు తియ్యలేదు. అర అడుగే తీశాను. చీటీ మీద అచ్చులో ఉన్న లోతు కొట్టెయ్యలేదు."

అవతల ఏదో కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఏ చేను?"

"అన్నీ."

"ముప్పై ఎనిమిదీ?"

"ముప్పై ఎనిమిదీ. మా బావమరిది చేను పాత సీసాకి ఆసిడ్ వేసి చూశాను. పొంగలేదు. సున్నం తగలని లోతది. మీరు మంగళవారం వచ్చినప్పుడు నేను చూస్తున్నది అదే."

 బావమరిది ఫోను వంక చూస్తున్నాడు, అందులోంచి మనిషి బయటికొస్తాడన్నట్టు.

"తర్వాత తెచ్చినవి?" అంది మేడం. నిద్ర పోయింది గొంతులోంచి.

"తర్వాత ఒక్కటి కూడా తక్కువ తియ్యలేదు."

"అది నేను ఇప్పుడు ఎలా నమ్మను?"

అతను ఫోను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"సోమవారం పంపాల్సింది ఆపాలి," అందావిడ, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "ముప్పై ఎనిమిది చేలల్లోనూ మళ్ళీ తియ్యాలి. అర అడుగు వేరే, కింద అర అడుగు వేరే. వేరే మనిషి తీస్తాడు. మీరు దగ్గరుంటారు. పదింటికి రండి. ఇప్పుడు నాతో అన్నది అన్నట్టే రాసి, సంతకం పెట్టి తీసుకురండి. రైతులకి మాత్రం మీరే చెప్పాలి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి. నేను చెప్పను."

ఫోను ఆగిపోయింది.

ట్రాక్టర్ డ్రైవరు సీటు మీద నుంచే, "అయితే దున్నమంటారా, పొమ్మంటారా?" అన్నాడు.

బావమరిది అప్పటికే పడ్డ రెండు చాళ్ళ వైపు నడిచి, వంగి, పసుపు గడ్డ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పొడి చేసి పారేశాడు. తిరిగొచ్చి బావ ఎదురుగా, మరీ దగ్గరగా నిలబడ్డాడు.

"ఆరేళ్ళు బావా. వాడెవడో గట్టు మీద నిలబడి నన్ను బద్ధకస్తుడన్నాడు. మా ఆవిడ అంది. నేను ఆ కాగితం కోసం చూశాను. వస్తుంది, చూపిస్తా అనుకున్నాను. వచ్చింది. అది వచ్చినప్పటి నుంచి నేను ఇంట్లో తలెత్తలేదు. నీకు శనివారమే తెలుసు."

"తెలుసు."

"నువ్వు కనుక అక్క మొగుడివి కాకపోతే..." మాట పూర్తి చెయ్యలేదు. డ్రైవరు వైపు తిరిగాడు. "నువ్వు పో. రెండో చేను వాళ్ళు ఎదురు చూస్తుంటారు."

"మళ్ళీ పిలిస్తే వచ్చే వారం దాకా కుదరదు మరి."

"మళ్ళీ పరీక్ష తేలేదాకా, మూడు వారాలు పిలవను. పో."

ట్రాక్టర్ గట్టెక్కి వెళ్ళిపోయింది. ఎదురు చేనాయన అప్పుడే వచ్చి, రెండు చాళ్ళూ, ఒరిగిన బండీ, ఇద్దరు మనుషులనూ చూసి, ఏం అడగాలో తోచక వెనక్కి మళ్ళాడు.

"గొట్టం తెచ్చావా?" అన్నాడు బావమరిది.

తెచ్చాడు. దున్నని వైపు, చేను మధ్యకి వెళ్ళారు. గొట్టం బావమరిది పట్టుకున్నాడు. గీతకు సగంలో వేలు పెట్టి కొలిచి, అక్కడి దాకా ఒత్తి, పైకి తీసి, మట్టి మొదటి సంచిలో కుమ్మరించాడు. అదే గుంటలో మళ్ళీ దించి, ఎర్ర గీత మునిగాక తీసి, రెండో సంచిలో పోశాడు. పది చోట్ల అలాగే చేశాడు.  సంచులు రెండూ సమంగా నిండాయి.

"ఇది మేడం లెక్కలోకి రాదు," అన్నాడు అతను. "వేరే మనిషి తియ్యాలంది."

"ఆవిడ లెక్క ఆవిడ తీసుకుంటుంది. ఇది నా లెక్క. వచ్చేదాకా దున్నను. వచ్చాక ఎలా ఉంటే అలా. రాయి."

అతను జేబులోంచి పెన్నూ, ఏమీ అచ్చులేని చీటీ కాగితాలూ తీసి, ఒకదాన్ని సంచికి ఆనించి పట్టుకున్నాడు. చేను రాశాడు. తేదీ రాశాడు. తర్వాత చెయ్యి ఆగింది.

"ఏం?"

"ఏం లేదు."

"ఎంత దాకా దిగిందో అంతే రాయి."

రాశాడు. రెండో దాని మీదా రాశాడు. బావమరిది రెండు చీటీలూ లాక్కుని, పెదవులు కదుపుతూ చదివి, తిరిగి ఇచ్చాడు.

ఎండ ఎక్కుతోంది. దున్నిన రెండు చాళ్ళూ అప్పుడే రంగు మారుతున్నాయి. నల్లటి తడి పోయి, అంచుల నుంచి బూడిద రంగు లోపలికి పాకుతోంది. అతను బండి వైపు వెళ్తూ వెళ్తూ ఆగి, ఒక గడ్డను బూటుతో చాలులోకి తోసి తొక్కాడు. ఇంకో గడ్డను తోశాడు.

"వదిలెయ్ బావా," అన్నాడు వెనక నుంచి బావమరిది. "తొక్కితే వెనక్కి పోతుందా? పదింటికి రమ్మందిగా. ఇంకా ముప్పై ఏడు ఇళ్ళు తిరగాలి నువ్వు."

అతను బండి లేపి నిలబెట్టాడు. సంచులు రెండూ హ్యాండిల్‌కి చెరో పక్కా కట్టాడు. కిక్కు కొట్టబోతూ లాబ్ ఎటు, ఎదురు చేనాయన బంధువు చేను ఎటు అని ఒక్క క్షణం చూశాడు. ఆ ముప్పై ఎనిమిది చేల జాబితాలో బావమరిది తర్వాతి చేను ఆ బంధువుదే. దారి మీదే ఉంది. ఇంకా తొమ్మిది కాలేదు.